అణు విద్యుత్: కొత్త కేంద్రాలు ఎందుకు, ఏ షరతుల మీద

దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు ముప్పావు వంతు ఇప్పటికీ బొగ్గుదే. అణు విద్యుత్ వాటా ఏళ్ల తరబడి మూడు శాతం దగ్గరే తిరుగుతోంది. తారాపూర్‌లో మొదటి రెండు రియాక్టర్లు 1969లో పని మొదలుపెట్టాయి. అప్పటి నుంచి లెక్కవేస్తే ఇది బాగా నెమ్మది నడక. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన లక్ష్యం మాత్రం పెద్దది: 2047 నాటికి లక్ష మెగావాట్లు. ఇప్పుడున్నది సుమారు 8,800 మెగావాట్లు. ఇంత పెంచాల్సిన అవసరం ఉందా అన్నది తేలాలంటే రియాక్టర్ కంటే ముందు కరెంటు వాడకాన్ని చూడాలి.

2024 మే 30న దేశ విద్యుత్ డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. అది అప్పటికి రికార్డు. అలాంటి పగటి డిమాండ్‌ను తట్టుకోవడానికి సౌర విద్యుత్ బాగా అక్కరకొస్తోంది. 2025 మొదట్లోనే దేశంలో సౌర ఫలకాల సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. చిక్కంతా పొద్దు గూకాకే. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా పనిచేసే వేళకు సౌర ఫలకాలు పడుకుంటాయి. అప్పుడు గ్రిడ్‌ను నిలబెట్టేది థర్మల్ కేంద్రాలే. పైగా కొత్తగా వచ్చే వాడకంలో చాలా భాగానికి రాత్రీ పగలూ తేడా లేదు. విశాఖపట్నంలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా సెంటర్ వంటివి ఇరవై నాలుగు గంటలూ ఒకే తీరున కరెంటు లాగుతాయి. రసాయన, ఉక్కు పరిశ్రమలూ అంతే.

పగటి సౌర విద్యుత్తును దాచుకునే మార్గాలు లేకపోలేదు. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు పగలు నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి 1,680 మెగావాట్లు ఇచ్చేలా కట్టినది. బ్యాటరీల ధరలూ ఏటికేడు దిగుతున్నాయి. ఇవి నాలుగు గంటలో ఆరు గంటలో గట్టెక్కిస్తాయి. వరసగా వారం పాటు ముసురు పట్టి, గాలి కూడా పడిపోతే వీటితో నెట్టుకురావడం కష్టం. దాచడానికి ముందు తయారు కావాలి కదా. అటువంటి రోజుల్లో బొగ్గు చేసే పనిని బొగ్గు లేకుండా చేయగలిగినవి రెండే కనిపిస్తాయి: పెద్ద జలాశయాలు, అణు కేంద్రాలు. పెద్ద డ్యాములు కట్టదగిన చోట్లు చాలావరకు అయిపోయాయి. కొత్త అణు కేంద్రాల పక్షాన చెప్పగలిగిన అన్నింటికన్నా గట్టి మాట ఇదే. అణు విద్యుత్ చవకని, ప్రమాదమే లేదని చేసే ప్రచారం కంటే ఈ ఒక్క మాటకు బరువెక్కువ.

మౌలాలిలో తయారయ్యే ఇంధనం

అణు కేంద్రంలోనూ థర్మల్ కేంద్రంలోనూ సగం యంత్రాలు ఒకటే. నీళ్లు కాగి ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. తేడా అంతా ఆ వేడి పుట్టే చోట. యురేనియం-235 పరమాణు కేంద్రకాన్ని ఒక న్యూట్రాన్ తాకితే అది రెండుగా చీలుతుంది. వేడి పుడుతుంది, రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. వాటిలో ఒక్కటి మరో కేంద్రకాన్ని చీలిస్తే చాలు, చర్య అదే తీరున సాగిపోతుంది. అయితే గనిలో దొరికే యురేనియంలో ఈ 235 రకం నూటికి 0.7 వంతే. చాలా దేశాలు దీన్ని శుద్ధిచేసి మూడు నుంచి ఐదు శాతానికి పెంచి వాడతాయి. సహజ యురేనియాన్ని ఉన్నదున్నట్టుగా వాడుకునే దారిని భారత్ ఎంచుకుంది. అందుకు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించే భారజలం కావాలి. మామూలు నీటిలోని ఆరు వేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువుల్లో ఒక్కటి మాత్రమే బరువైనది. అటువంటివాటిని వేరుచేసి పోగుచేసే కర్మాగారాల్లో ఒకటి గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది. దానికి కావాల్సిన ఆవిరి సింగరేణి బొగ్గుతో పుడుతుంది. బొగ్గును పక్కకు నెట్టాల్సిన సాంకేతికతకు బొగ్గే ఊపిరి పోస్తోందన్నమాట!

ఇంధనం తయారయ్యేది హైదరాబాద్‌లో. మౌలాలి దగ్గర 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్‌కు గనుల నుంచి యురేనియం పసుపు పచ్చని ముద్దగా వస్తుంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, మలినాలు తీసి, చివరికి యురేనియం డయాక్సైడ్ పొడిగా మారుస్తారు. ఆ పొడిని చిన్న గుళికలుగా అచ్చొత్తి, హైడ్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. నల్లగా, గట్టిగా తేలిన గుళికలను నున్నగా సానపట్టి జిర్కోనియం మిశ్రమ లోహపు సన్నని గొట్టాల్లో వరసగా పేరుస్తారు. న్యూట్రాన్లను మింగే గుణం జిర్కోనియానికి చాలా తక్కువ. అందుకే ఆ లోహం. గొట్టాలకు రెండు వైపులా మూతలు వెల్డింగ్ చేసి, పందొమ్మిదింటినో ముప్పై ఏడింటినో కలిపి ఒక కట్ట చేస్తారు. అర మీటరు పొడవుండే ఈ కట్టను అక్కడ బండిల్ అంటారు.

220 మెగావాట్ల రియాక్టర్‌లో వాడే పందొమ్మిది గొట్టాల బండిల్ బరువు పదహారు కిలోలకు కాస్త అటూఇటూ. రియాక్టర్‌లో ఉండే కాలమంతటికీ అది ఇచ్చే వేడితో దాదాపు ఆరు లక్షల యూనిట్ల కరెంటు తయారవుతుంది. నెలకు రెండు వందల యూనిట్లు వాడే ఇళ్లు రెండు వందల యాభైకి ఏడాది పొడవునా సరిపోయే కరెంటు అది. అంతే కరెంటును మన బొగ్గుతో తీయాలంటే నాలుగు వందల టన్నుల పైమాటే, అంటే ఆరేడు రైలు వ్యాగన్లు. తయారై వచ్చిన కొత్త బండిల్‌ను చేతి తొడుగులతో పట్టుకోవచ్చు. దాని నుంచి వచ్చే రేడియోధార్మికత అంత తక్కువ. రియాక్టర్‌లో వాడి బయటికి తీశాకే దాని దగ్గరకు పోకూడదు.

ఇప్పుడు కొత్తగా కడుతున్న స్వదేశీ రియాక్టర్ 700 మెగావాట్లది. అందులో ఇంధనం వేసే అడ్డు గొట్టాలు 392. రియాక్టర్‌ను ఆపకుండానే ఒక చివర నుంచి కొత్త బండిల్‌ను తోస్తే మరో చివర పాతది బయటికొస్తుంది. రెండు వైపులా ఉండే ఈ ఇంధన యంత్రాల భాగాలను హైదరాబాద్‌లోని ఎంటార్ సంస్థ తయారు చేస్తుంది. నియంత్రణ, పరిశీలన పరికరాల్లో చాలా భాగం ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్‌వి. ఆపకుండా ఇంధనం మార్చే ఈ వెసులుబాటు వల్లే కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది.

బూడిద లెక్క, భూమి లెక్క

700 మెగావాట్ల యూనిట్ ఏడాదిలో 85 శాతం సామర్థ్యంతో నడిస్తే 520 కోట్ల యూనిట్లు వస్తాయి. దానికి పట్టే యురేనియం వంద టన్నుల లోపే. అదే కరెంటు థర్మల్ కేంద్రం నుంచి రావాలంటే 36 లక్షల టన్నుల బొగ్గు కావాలి. ఏడాది పొడవునా రోజుకు రెండు మూడు గూడ్సు రైళ్లు ఖాళీ చేస్తూ ఉండాలి. గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ దాదాపు యాభై లక్షల టన్నులు. మిగిలే బూడిద పది లక్షల టన్నుల పైమాటే. థర్మల్ కేంద్రాలున్న ఇబ్రహీంపట్నంలోనో ముద్దనూరులోనో ఎండాకాలం గాలి వీచినప్పుడు ఆరేసిన బట్టల మీద, వంట గిన్నెల మీద పడేది ఆ బూడిదే. అందులో స్వల్ప మోతాదులో యురేనియం, థోరియం కూడా ఉంటాయి.

గని తవ్వకం నుంచి కేంద్రం కూల్చివేత దాకా కలిపి లెక్కవేస్తే అణు విద్యుత్ ఒక్కో యూనిట్‌కు పన్నెండు గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం 2014లో అంచనా వేసింది. గాలిమరలదీ దాదాపు అంతే. బొగ్గుకు ఆ లెక్క 820 గ్రాములు.

భూమి విషయంలో పోలిక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఓర్వకల్లు దగ్గర కర్నూలు సోలార్ పార్కు 5,932 ఎకరాల్లో ఉంది. సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. ఏటా వచ్చేది సుమారు రెండు వందల కోట్ల యూనిట్లు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అనుకున్న ఆరు రియాక్టర్లకు కావాల్సింది రెండు వేల ఎకరాల చిల్లర. అవి నిండుగా నడిస్తే ఏటా ఐదు వేల కోట్ల యూనిట్లకు పైగా రావాలి. అలాగని సౌర విద్యుత్‌ను తీసిపారేయడానికి లేదు. రాళ్లూరప్పలున్న మెట్టలో, ఎవరినీ ఊరు కదిలించకుండా, రెండేళ్లలో కట్టేయగలిగింది అదొక్కటే. అణు కేంద్రం అలా కాదు. చుట్టూ కిలోమీటరు మేర మనుషులు నివసించకూడదు. ఆ పైన ఐదు కిలోమీటర్ల దాకా జనాభా పెద్దగా పెరగకుండా చూసుకోవాలి.

ప్రమాదాల సంగతి

అణు కేంద్రం అనగానే జనానికి గుర్తొచ్చేవి చెర్నోబిల్, ఫుకుషిమా. ఈ భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం నిపుణులకు ఉన్న చెడ్డ అలవాటు. ఆ రెండు చోట్లా ఏం జరిగిందో వివరంగా చూస్తేనే ఇప్పటి రియాక్టర్లలో ఏం మారిందో తెలుస్తుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగో యూనిట్ పేలింది. ఆ రకం రియాక్టర్‌లో నీరు ఆవిరయ్యే కొద్దీ చర్య తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. దాని చుట్టూ గట్టి కాంక్రీటు గుమ్మటం కూడా లేదు. ఆ రాత్రి ఇద్దరు సిబ్బంది చనిపోయారు. తీవ్ర రేడియేషన్ సోకిన అగ్నిమాపక, కేంద్ర సిబ్బందిలో మరో 28 మంది కొద్ది నెలల్లో మరణించారు. కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో వేలమందికి తర్వాతి ఏళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఫుకుషిమా కథ వేరు. 2011 మార్చి 11న భూకంపం రాగానే రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. అయితే ఆగిన రియాక్టర్ వెంటనే చల్లారదు. ఆపిన క్షణంలో పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి వస్తూనే ఉంటుంది, రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది. ఆ వేడిని తీసేసే పంపులకు కరెంటివ్వాల్సిన డీజిల్ జనరేటర్లను సునామీ నీరు ముంచేసింది. ఇంధనం కరిగింది. అక్కడ రేడియేషన్ వల్ల కంటే, వృద్ధులను, రోగులను హడావుడిగా ఊళ్లు ఖాళీ చేయించడం వల్లే ఎక్కువ ప్రాణాలు పోయాయి. అలా పోయినవారు రెండు వేల మందికి పైనే.

మన దేశంలోనూ గుండె ఆగినంత పనైన రోజులున్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. తీగలన్నీ కాలిపోయి కేంద్రం మొత్తానికి కరెంటు పోయింది. దాదాపు పదిహేడు గంటలు అలాగే ఉంది. రియాక్టర్‌ను సిబ్బంది వెంటనే ఆపేశారు. అగ్నిమాపక పంపులు డీజిల్‌వి. వాటితోనే ఆవిరి జనరేటర్లకు నీళ్లు పంపి వేడిని తగ్గించారు. రేడియోధార్మికత బయటికి రాలేదు. ఆ తర్వాత దేశంలోని రియాక్టర్లన్నింటిలో కేబుళ్ల దారులను విడదీసి మార్చారు. 2004 డిసెంబరు 26 సునామీ కల్పాక్కం పంపుహౌస్‌లోకి నీళ్లు తెచ్చింది. రెండో యూనిట్‌ను జాగ్రత్తగా ఆపి, కొద్ది రోజుల్లో మళ్లీ నడిపారు. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్‌లో శీతలీకరణ గొట్టం పగిలి భారజలం కారింది. ఆ రియాక్టర్ మరమ్మతులకు ఏళ్లు పట్టింది.

ఇలాంటి అనుభవాల నుంచి నేర్చుకున్నది కొత్త 700 మెగావాట్ల నమూనాలో కనిపిస్తుంది. కరెంటు పూర్తిగా పోయినా, పంపు తిరగకపోయినా, పైన ఉన్న ట్యాంకుల నీళ్లు వాటంతటవే ప్రసరిస్తూ వేడిని లాగేసే ఏర్పాటు దీంట్లో ఉంది. కొవ్వాడకు అనుకున్న అమెరికా నమూనా ఏపీ1000లోనూ గుమ్మటం మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. ఆపరేటర్లు ఏమీ చేయకపోయినా మూడు రోజుల పాటు అది రియాక్టర్‌ను చల్లబరుస్తుంది. ప్రమాదం ఇక జరగనే జరగదని దీనర్థం కాదు. మనిషి పొరపాటుకు, యంత్రం చెడిపోవడానికి ముందే చోటు వదిలి కట్టారని మాత్రమే. తయారైన యూనిట్ల లెక్కన మరణాలు చూస్తే అణు విద్యుత్ సౌర, పవన విద్యుత్తుల పక్కన నిలుస్తుంది. బొగ్గు పొగ పీల్చి పోయేవాళ్లు దానికి వందల రెట్లు ఎక్కువ. అయితే ఆ పొగ చావులు పత్రికల్లో ఒక్కరోజు శీర్షికగా రావు గనుక వాటికి ఎవరూ భయపడరు.

వాడేసిన ఇంధనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 700 మెగావాట్ల యూనిట్ నుంచి ఏడాదికి వచ్చేది పదడుగుల గదిలో పట్టేంత. ప్రమాదం దాని ఘాటులో ఉంది. ముందు కొన్నేళ్లు లోతైన నీళ్ల కొలనులో చల్లారుస్తారు. తర్వాత పునఃశుద్ధి చేసి ప్లుటోనియం, మిగిలిన యురేనియం వేరు చేస్తారు. చివరికి మిగిలేది కొద్ది శాతం. దాన్ని గాజుతో కలిపి కరిగించి, గట్టిపడిన దిమ్మలుగా ఉక్కు డబ్బాల్లో భద్రపరుస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఈ పని జరుగుతోంది. వేల ఏళ్ల పాటు దాచే భూగర్భ గిడ్డంగిని ఫిన్లాండ్ రాతి పొరల్లో తవ్వింది. భారత్‌లో అటువంటిది ఇంకా లేదు. దిమ్మలు తక్కువ కాబట్టి తొందర లేదన్నది అధికారుల వాదన. అయితే లక్ష మెగావాట్ల లక్ష్యం పెట్టుకున్న దేశం దానికి ఒక చోటూ ఒక గడువూ చెప్పకపోవడం సమర్థించుకోలేని జాప్యం.

ఖర్చు: అసలు బలహీనత ఇక్కడ

అణు విద్యుత్‌కు నిజమైన శత్రువు వడ్డీ. కేంద్రం కట్టడానికయ్యే ఖర్చే భారీ, ఇంధనం ఖర్చు తక్కువ. అప్పు తెచ్చి కట్టడం మొదలుపెట్టాక ఒక్క యూనిట్ కరెంటు అమ్మకుండానే వడ్డీ పెరుగుతూ పోతుంది. ఎనిమిది శాతం చక్రవడ్డీకి తెచ్చిన వంద రూపాయలు తొమ్మిదేళ్లకు రెండు వందలవుతాయి. కాబట్టి అయిదేళ్లలో కట్టిన కేంద్రం కరెంటుకూ, పదిహేనేళ్లు లాగిన కేంద్రం కరెంటుకూ ధరలో పొంతన ఉండదు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్ట్‌ల్ మూడు, నాలుగు యూనిట్లు సుమారు 1,400 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై 3,000 కోట్లు దాటాయి. తయారీదారు వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా రక్షణ కోరింది. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ మూడో యూనిట్‌కు 2007లో పునాది పడితే 2024 డిసెంబరులో గాని గ్రిడ్‌కు కరెంటు రాలేదు. మన కాక్రాపార్ మూడు, నాలుగు యూనిట్ల అంచనా 11,459 కోట్ల రూపాయల నుంచి 22,525 కోట్లకు చేరింది. 2010లో కాంక్రీటు పోయడం మొదలుపెడితే మూడో యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి 2023 వచ్చింది. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ పని 2004లో మొదలైంది. దాని రియాక్టర్ కోర్‌ను నింపే పని 2024 మార్చిలో ప్రారంభమైంది.

ఈ జాబితా చూసి చేతులెత్తేయనక్కర్లేదు. ఇలా ఆలస్యమైనవాటిలో చాలావరకు ఆ దేశంలో ఆ నమూనాకు మొట్టమొదటివి. మొదటి రియాక్టర్‌లో డ్రాయింగులు మారతాయి, వెల్డర్లు నేర్చుకుంటారు, సరఫరాదారులు తడబడతారు. అదే నమూనాను ఆపకుండా మళ్లీ మళ్లీ కట్టిన దేశాలకు లెక్క వేరేగా వచ్చింది. చమురు సంక్షోభం తర్వాత 1974లో ఫ్రాన్స్ ప్రధాని పియర్ మెస్మెర్ ప్రకటించిన ప్రణాళికతో సుమారు పదిహేనేళ్లలో యాభైకి పైగా రియాక్టర్లు లేచాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే కుటుంబానికి చెందిన నమూనాలు. నేటికీ ఆ దేశపు కరెంటులో మూడింట రెండొంతులు వాటివే. ఎడారి దేశం యూఏఈ కొరియా సాయంతో బరాకాలో ఒకే నమూనావి నాలుగు కట్టింది. 2012లో పని మొదలైంది. 2024కల్లా నాలుగూ నడిచాయి. దేశపు కరెంటులో పాతిక శాతం ఇప్పుడు అక్కడి నుంచే. చైనా ఒక్కో రియాక్టర్‌ను ఐదారేళ్లలో ముగిస్తూ ఏకకాలంలో చాలాచోట్ల కడుతోంది.

భారత్‌కు అటువంటి నమూనా చేతిలో ఉంది. కాక్రాపార్‌లో రెండు, రాజస్థాన్‌లో ఒకటి 700 మెగావాట్ల యూనిట్లు నడుస్తున్నాయి. మరో పదింటికి కేంద్రం 2017లో ఒకేసారి అనుమతినిచ్చింది. వాటిలో కైగా ఐదు, ఆరు యూనిట్ల పని 2025లో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌కు దక్కింది. అయినా లెక్క చూస్తే గుబులు పుడుతుంది. 2014లో 4,780 మెగావాట్లున్న సామర్థ్యం పదకొండేళ్లలో సుమారు నాలుగు వేలు పెరిగింది. 2047 నాటికి లక్ష చేరాలంటే ఇక మీదట ఏటా అంత చొప్పున పెరగాలి. ఇంకా కాగితం మీదే ఉన్న చిన్న మాడ్యులర్ రియాక్టర్ల కోసం 2025 బడ్జెట్‌లోనే 20,000 కోట్లు కేటాయించి, 2033కల్లా అయిదు నడపాలన్నారు. చేయి తిరిగిన 700 నమూనాను పక్కనబెట్టి కొత్తదాని వెంట పడితే మళ్లీ మొదటి రియాక్టర్ కష్టాలే ఎదురవుతాయి. చిన్నవి రావాలి, ఫ్యాక్టరీల పక్కన పాత బొగ్గు కేంద్రాల చోట బాగా పనికొస్తాయి. అయితే లక్ష మెగావాట్లు మోసేది మాత్రం పెద్దవే.

కొవ్వాడ, తుమ్మలపల్లె

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చర్చ కాగితాల మీదిది కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరంలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ1000 రియాక్టర్లు కట్టాలన్నది ప్రతిపాదన. మొత్తం 7,248 మెగావాట్లు. మొదట ఈ నమూనాకు గుజరాత్‌లోని మీఠీ విర్దీ అనుకున్నారు. అక్కడి రైతుల వ్యతిరేకత తర్వాత అది కొవ్వాడకు మారింది. భూసేకరణ చాలావరకు జరిగింది. 2025 చివరికి కూడా కాంక్రీటు పోయలేదు. జాలర్లు వలలు ఆరేసుకునే ఇసుక మీద వాళ్ల భవిష్యత్తు ఏళ్లుగా వేలాడుతోంది. ఇల్లు బాగుచేసుకోవాలన్నా, పిల్ల పెళ్లికి భూమి అమ్ముదామన్నా ఎటూ తేలని స్థితి. ప్రాజెక్టును వ్యతిరేకించినవారిలో కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ కూడా ఉన్నారు. ఆయన అభ్యంతరాల్లో ఖర్చు గురించినవి తేలిగ్గా తీసుకోదగ్గవి కావు. వోగ్ట్‌ల్‌లో కట్టినదీ ఇదే నమూనా.

ఆలస్యానికి మరో కారణం చట్టం. భోపాల్ జ్ఞాపకం పచ్చిగా ఉన్న పార్లమెంటు 2010లో అణు నష్ట పరిహార చట్టం చేసింది. పరికరం లోపం వల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారు నుంచి వసూలు చేసుకునే హక్కును నిర్వాహకుడికి ఇచ్చింది. విదేశీ సంస్థలు ఆ నిబంధన చూసి వెనకాడాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ఆ హక్కును కుదించి, ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్ రంగం తలుపులు తెరిచింది. అణు నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. పెట్టుబడి రావడానికి ఇది తోడ్పడుతుంది. ప్రమాదం జరిగితే పరిహారం భారం చివరికి ప్రభుత్వం మీద, అంటే పన్ను కట్టేవాళ్ల మీద పడే అవకాశం పెరిగిందన్నది దీని మరో ముఖం. నియంత్రణ మండలి ప్రభుత్వ శాఖ కనుసన్నల్లో మెలగకుండా, తన తనిఖీ నివేదికలను తెలుగులో, తమిళంలో, గుజరాతీలో ఆ కేంద్రం చుట్టుపక్కల పంచాయతీలకు ఇవ్వాలి. అప్పుడే చట్టబద్ధ హోదాకు అర్థం.

ఇంధనం మొదలయ్యే చోట ఉన్న ఊళ్ల గోడు ఇంకోటి. వైఎస్సార్ కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పనిచేస్తున్నాయి. వ్యర్థపు మడ్డిని నింపే టెయిలింగ్ పాండ్ వల్ల బోర్ల నీళ్లు చెడి అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. నల్లమలలో యురేనియం అన్వేషణ మాట రాగానే 2019లో జనం కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. అటవీ ప్రాంతం విషయంలో ఆ తీర్మానం సరైనదే. కజకిస్తాన్, కెనడా, రష్యాల నుంచి యురేనియం కొనుక్కునే దారి 2008 అణు ఒప్పందం తర్వాత తెరుచుకునే ఉంది. కృష్ణా నది పక్కన పులుల అడవిని తవ్వాల్సిన అగత్యం లేదు. తుమ్మలపల్లెలో మాత్రం తవ్వకం సాగుతూనే ఉంటుంది గనుక బోరు నీళ్లను గనికి సంబంధం లేని ప్రయోగశాలతో ఏటా పరీక్ష చేయించి, ఫలితాలను ఊరి బోర్డు మీద రాయాలి. చెడిన నీళ్లకు బదులు తాగునీరు, సాగునీరు ఇచ్చే ఖర్చు యూనిట్ ధరలోనే కలవాలి.

కొవ్వాడ విషయంలో చేయదగిన పని వరస కూడా స్పష్టంగానే ఉంది. ముందు నిర్వాసితుల ఇళ్లు, జాలర్లకు పడవలు దిగే రేవుతో సహా పూర్తి కావాలి. ఆ తర్వాత యూనిట్‌కు ఎంత పడుతుందో అమెరికా సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. కేంద్రంలో వాడి సముద్రంలోకి వదిలే వేడి నీళ్లు చేపల మీద ఏ ప్రభావం చూపుతాయో ముందే కొలవాలి, కేంద్రం నడిచిన తర్వాతా కొలుస్తూనే ఉండాలి. ధర అందుబాటులో లేకపోతే అదే తీరంలో, అదే భూమిలో 700 మెగావాట్ల స్వదేశీ యూనిట్లు కట్టుకోవచ్చు. వాటి ఇంధనం మౌలాలి నుంచే వస్తుంది, మరమ్మతుకు వచ్చే ఇంజనీర్లూ ఇక్కడివాళ్లే. ఆరింటి సామర్థ్యం 4,200 మెగావాట్లు. అమెరికా నమూనాతో పోలిస్తే మూడు వేల మెగావాట్లు తక్కువే. మొదటి యూనిట్ కరెంటు అనుకున్న ఏడాదికి గ్రిడ్‌కు చేరే అవకాశం మాత్రం వాటికే ఎక్కువ.